ఆ ముక్కను పసుపు సంచిలో వేయకండి

మూర్ఛకు ఆపరేషన్ ఉందన్న సంగతే మా ఆళ్లగడ్డ వైపు చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమందికీ ఆపరేషన్‌లో తీసిన మెదడు ముక్క ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు. అడగాలని కూడా తోచదు. ఆ పూటకు మనిషి కళ్లు తెరిస్తే చాలు, మనల్ని గుర్తుపట్టి పలకరిస్తే చాలు అన్న ఆరాటంలో ఉంటాం. నేను రాస్తున్నది ఆ ముక్క గురించే. దాన్ని కాల్చేయడం కంటే పరిశోధనకు ఇవ్వడం మంచిది. ఇచ్చే ముందు డాక్టర్లు మనల్ని మన భాషలో అడగాలి. అలా అడిగినప్పుడు మనం కాదనకూడదు. నా అభిప్రాయం ఇంతే.

ఆళ్లగడ్డలో నాది మెడికల్ షాపు. మిగతా జబ్బులవాళ్లు మొహం గుర్తుపట్టేలోపే నయమై వెళ్లిపోతారు. ఫిట్స్ వాళ్లు అట్లా కాదు, నెల తిరిగేసరికి మళ్లీ రావాల్సిందే. రుద్రవరం నుంచి ఒకాయన, చాగలమర్రి నుంచి ఒకామె, ఉయ్యాలవాడ నుంచి పని మీద వచ్చినప్పుడల్లా కొడుక్కి బిళ్లలు తీసుకుపోయే ముసలాయన. వీళ్లు చీటీ చూపించక్కర్లేదు. మనిషి మెట్టెక్కేసరికే నా చెయ్యి ఆ అరలోకి పోతుంది. కొందరు పెళ్లి కాకముందు నుంచి నా దగ్గరే కొంటున్నారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు వచ్చి "అమ్మ బిళ్లలు" అని అడుగుతున్నారు. ఈడొచ్చిన ఆడపిల్ల తండ్రి మాత్రం షాపులో ఎవరూ లేని వేళ చూసుకుని వస్తాడు. "షీటులోంచి తీసి ఉత్త కవర్లో పెట్టియ్యన్నా, పేరు కనపడగూడదు" అంటాడు. సోడియం వాల్‌ప్రోయేట్ లాంటి మందు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, షీటు విప్పితే చెడిపోతుంది. అందుకని పేరు మీద తెల్లకాగితం అంటించి ఇస్తాను. మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్లిని కాదనే వీలును 1999లోనే హిందూ వివాహ చట్టం నుంచి తీసేశారు. చట్టంలోంచి పోయింది గానీ ఆ తండ్రి మొహంలోంచి ఇంకా పోలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన లోకం మొత్తం మీద సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. జబ్బును సరిగ్గా గుర్తించి సరైన మందు ఇస్తే అందులో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చు. అట్లా బతుకుతున్నవాళ్లను నేను రోజూ చూస్తున్నాను. ట్రాక్టరు షోరూంలో లెక్కలు రాసేవాళ్లున్నారు, బడిలో పాఠాలు చెప్పేవాళ్లున్నారు. వాళ్ల గురించి నాకు దిగులు లేదు.

నా దిగులంతా మిగిలినవాళ్ల గురించి. చీటీలో మొదట ఒక మందు ఉంటుంది. కొన్నాళ్లకు దాని మోతాదు పెరుగుతుంది. తర్వాత రెండోది చేరుతుంది, ఆపైన మూడోది. మనిషి మత్తుగా, మాట ముద్దగా అయిపోతాడు, ఫిట్స్ మాత్రం ఆగవు. పొయ్యి దగ్గర పడి చెయ్యి కాల్చుకున్న ఆడవాళ్లు వస్తారు, కాలువ గట్టున పడి తృటిలో బయటపడ్డవాళ్లు వస్తారు. "ఇంగ ఎన్నాళ్లు మింగల్లన్నా ఇవి?" అని అడుగుతారు. తగిన మందులు రెండింటిని తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందుకు లొంగని మూర్ఛగా లెక్కించాలని మూర్ఛ మీద పనిచేసే అంతర్జాతీయ వైద్య సంఘం 2010లోనే గీత గీసింది. ఆ గీత దాటినవాళ్లను ఆపరేషన్ చేసే కేంద్రానికి చూపించాలి. మా వైపు గీత దాటి పదేళ్లయినా నాలుగో మందు రాయించుకుంటూనే ఉన్నారు.

మా అక్క కొడుకు అట్లాంటివాడే. పసితనంలో జ్వరంతో చాలాసేపు ఫిట్స్ వచ్చాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏమీ లేదు. ఇంటర్ చదివేటప్పుడు మళ్లీ మొదలైంది. కిందపడి కొట్టుకునే రకం కాదు. "మామా, కడుపులోనుంచి ఏందో పైకొస్తాంది" అనేవాడు. మరుక్షణం చూపు నిలిచిపోయేది. ఏదో నములుతున్నట్టు నోరాడేది. కుడిచెయ్యి చొక్కా గుండీని పట్టుకుని తిప్పుతూనే ఉండేది. నిమిషం, మహా అయితే నిమిషంన్నర. తర్వాత తానెక్కడున్నాడో తెలియక బిక్కమొహం వేసుకుని చుట్టూ చూసేవాడు. ఊళ్లో దీన్ని గాలి సోకడమన్నారు. తాయెత్తు కట్టారు, చేతిలో తాళాలగుత్తి పెట్టారు. అక్క అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంది. మొక్కును నేను కాదనలేదు, బిళ్ల మాత్రం మాననివ్వలేదు.

చివరికి ఒక పెద్ద నగరంలోని ఆస్పత్రికి తీసుకుపోయాం. ఎమ్మారై తీశారు. తలకు తీగలు అంటించి, ఎదురుగా కెమెరా పెట్టి, ఫిట్స్ వచ్చేదాకా రాత్రింబవళ్లు వీడియో ఈఈజీ రికార్డు చేశారు. రెండూ ఒకటే చెప్పాయి. కుడి చెవికి లోపలగా, మెదడు అడుగున ఉండే హిప్పోక్యాంపస్ కుంచించుకుపోయి గట్టిపడింది. జ్ఞాపకాలకు కీలకమైన భాగం అది. ఫిట్స్ పుట్టేది అక్కడే. డాక్టరమ్మ ఎమ్మారై ఫిల్మును లైటుకు పెట్టి రెండు వైపులనూ పక్కపక్కన చూపించింది. ఎడమది నిండుగా ఉంది, కుడిది వాడిపోయి తెల్లగా మెరుస్తోంది. ఏళ్ల తరబడి గాలి అని, గ్రహమని అన్నదంతా నా బొటనవేలంత చోటులో ఉంది.

ఆపరేషనంటే అక్క హడలిపోయింది. అప్పుడు నేను లెక్కలు చదివి చెప్పాను. కెనడాలో 80 మంది మీద ఒక అధ్యయనం చేసి 2001లో ప్రచురించారు. సగం మందికి ఆపరేషన్, సగం మందికి మందులే. ఏడాది తర్వాత చూస్తే, స్పృహ తప్పించే ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్లు ఆపరేషన్ వైపు 58 శాతం, మందుల వైపు 8 శాతం. ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లల మీద ఇలాంటి అధ్యయనమే చేసి 2017లో ప్రచురించారు. ఏడాదికి ఫిట్స్ లేనివాళ్లు ఆపరేషన్ చేసినవారిలో 77 శాతం, మందులు మాత్రమే వాడినవారిలో 7 శాతం. పిల్లల సంగతి విన్నాక అక్క కొంచెం మెత్తబడింది.

ఆపరేషన్ బాగా జరిగింది. వాడు కళ్లు తెరిచాడు, అమ్మను గుర్తుపట్టాడు. మందుల మనిషిని కదా, నాకు ఇంకో సందేహం మిగిలింది. తీసినదాంట్లో కొంత రిపోర్టు కోసం ఫార్మలిన్ సీసాలో ల్యాబుకు పోయిందని చెప్పారు. మరి మిగిలింది? అక్కడున్న సిస్టర్‌ను అడిగాను. "ఎల్లో బ్యాగులో పోతుందండీ" అంది ఆమె మామూలుగా. ఆమె తప్పేమీ లేదు, నిబంధన అదే. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం మనిషి శరీరం నుంచి తీసిన కణజాలాన్ని పసుపు సంచిలో వేసి, చాలావరకు కొలిమికి పంపి బూడిద చేస్తారు. అంటురోగాలు రాకుండా అది అవసరం కూడా.

కానీ ఫిట్స్ పుట్టిన చోటే అది! ఇన్నేళ్లూ నా మందులను ఓడించింది ఆ ముక్కే. దాన్ని ఏ ప్రశ్నా అడక్కుండా బూడిద చేశామన్నది నాకు మింగుడుపడలేదు. అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. ఇంగ్లీషు పత్రికలు అర్థం కాకపోతే మా షాపుకు వచ్చే డాక్టర్లను విసిగించి అడిగాను. తెలిసినంతవరకు చెబుతాను.

మూర్ఛ మందుల పరిశోధన చాలావరకు ఎలుకల మీద జరుగుతుంది. కైనిక్ ఆమ్లమో పైలోకార్పినో ఎక్కించి వాటికి మూర్ఛ తెప్పిస్తారు, తర్వాత మందిచ్చి చూస్తారు. దాని నుంచి ఎంతో తెలిసింది, కాదనను. అయితే ఎలుకకు వారాల్లో తెప్పించిన మూర్ఛ వేరు, పసితనపు జ్వరంతో మొదలై ఇరవై ఏళ్లు నాలుగు రకాల బిళ్లల మధ్య ముదిరిన మనిషి మూర్ఛ వేరు. మందుకు లొంగని మనిషి మెదడు కణం ఎందుకు లొంగడం లేదో ఆ కణాన్నే అడగాలి. బతికున్న మనిషి మెదడులోంచి పరిశోధన కోసమని ముక్క తీయడం ఎవరూ ఒప్పుకోని పని, ఒప్పుకోకూడని పని. ఆ మనిషి మేలు కోసం ఎలాగూ తీయాల్సిన ముక్క ఒక్కటే దారి.

దాన్ని చదివే పద్ధతి తెలుసుకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. తీసిన క్షణం నుంచి గడియారంతో పందెం. రక్తం అందని మెదడు కణం నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. కాబట్టి ల్యాబు మనిషి ఆపరేషన్ థియేటర్ దగ్గరే సిద్ధంగా కాచుకుని ఉంటాడు. అతని చేతిలోని డబ్బాలో మంచులా చల్లబరిచిన ద్రవం. మెదడు చుట్టూ సహజంగా ఉండే నీటిని పోలేట్టు ఉప్పులు, గ్లూకోజు లాంటివి కొలత ప్రకారం కలిపి చేస్తారు. అందులోకి 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసును బుడగలుగా వదులుతుంటారు. సర్జన్ ముక్కను నలగకుండా అందించాలి. ల్యాబులో సన్నగా అదిరే బ్లేడుతో దాన్ని పొరలుగా కోస్తారు. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో మూడో వంతు. అంత పలచగా ఉంటేనే లోపలి కణాలకు ఆక్సిజన్ అందుతుంది. పొరలను గోరువెచ్చని ద్రవంలో కాసేపు సేదదీరనిస్తారు.

ఆ తర్వాత మైక్రోస్కోపు కింద పెట్టి, వేడి చేసి సాగదీసిన గాజు గొట్టాన్ని ఒక్క కణం దగ్గరికి తీసుకుపోతారు. దాని మొన మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కలో ఉంటుంది. మొన కణం పొరకు తగలగానే సన్నగా పీలుస్తారు. గాజు, పొర అతుక్కుపోతాయి. ఇక ఆ కణంలోకి వచ్చిపోయే విద్యుత్తు, ఒక ఆంపియరులో లక్ష కోట్లవ వంతు లెక్కలో ఉండే విద్యుత్తు, తెర మీద గీతలుగా కనిపిస్తుంది. ఈ పద్ధతిని కనిపెట్టిన ఎర్విన్ నెహర్, బెర్ట్ సాక్‌మన్‌లకు 1991లో నోబెల్ బహుమతి వచ్చింది. ముక్క కొన్ని గంటలు బతికి ఉంటుంది, జాగ్రత్తగా చూసుకుంటే ఇంకా ఎక్కువ. ఆ గంటల్లో ల్యాబులో ఎవరూ అన్నానికి లేవరట. లేవబుద్ధి కాదేమో మరి.

ఇలా చూసి ఏం కనుక్కున్నారు? మందుల షాపువాడిగా నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించింది జర్మనీలోని బాన్ నగరంలో చేసి 2003లో ప్రచురించిన పని. కార్బమజెపిన్ మా అరలో ఎప్పుడూ ఉండే మందు. అతిగా రెచ్చిపోయే కణంలో సోడియం లోపలికి వచ్చే దారులను మూసి పెట్టడం దాని పని. కణం ఎంత ఎక్కువగా రెచ్చిపోతే అంత గట్టిగా మూస్తుంది. బాన్ శాస్త్రవేత్తలు ఆపరేషన్‌లో తీసిన హిప్పోక్యాంపస్ కణాల మీద ఆ మందు పెట్టి చూశారు. కార్బమజెపిన్‌కు ఫిట్స్ తగ్గిన రోగుల కణాల్లో ఆ మూత సరిగ్గా పడింది. తగ్గని రోగుల కణాల్లో ఆ మూత పడనేలేదు! నా కౌంటరు ముందు నిలబడి "ఈ బిళ్ల నాకు పన్జేయడంలే" అన్నవాళ్లను బిళ్ల మానేశావా, వేళ తప్పావా, తాగావా అని ఇంటివాళ్లూ డాక్టర్లూ నిలదీస్తారు. కొందరి విషయంలో కణమే ఆ మందును లెక్కచేయడం లేదని గాజు గొట్టం సాక్ష్యం చెప్పింది. నేరం మోపబడ్డ రోగి తరఫున ఇంతకంటే గట్టి సాక్షి నాకు కనపడలేదు.

ప్యారిస్‌లో 2002లో వెలువడిన పని ఇంకో సంగతి బయటపెట్టింది. అక్కడ హిప్పోక్యాంపస్‌కు ఆనుకుని ఉండే భాగం నుంచి తీసిన పొరలు, ఎవరూ రెచ్చగొట్టకుండానే, వాటంతట అవే లయగా విద్యుత్తు వెదజల్లాయి. రోగి తల మీద ఫిట్స్‌కూ ఫిట్స్‌కూ మధ్య ఈఈజీలో కనిపించే మెరుపుల్లాంటివే. శరీరం నుంచి విడివడ్డా ఆ జబ్బు దానిలోనే ఉంది. అంతకంటే విచిత్రం గాబా అనే రసాయనం సంగతి. మెదడులో కణాలను శాంతపరిచే ముఖ్యమైన రసాయనం అది. 1912 నుంచి వాడుకలో ఉన్న ఫినోబార్బిటాల్, ఇప్పుడు తరచుగా రాసే క్లోబజామ్ దాని బలాన్ని పెంచే మందులే. ప్యారిస్ వాళ్లు చూసిన కణాల్లో కొన్ని మాత్రం గాబా తగిలినప్పుడు శాంతించే బదులు రేగాయి. కణంలోపల క్లోరైడు లెక్క తప్పడం దీనికి కారణమని తర్వాతి పరిశోధనలు చూపాయి. దీన్నుంచి కొత్త మందు ఇంకా మా అరలోకి రాలేదు. కానీ ఎక్కడ వెతకాలో తెలిసింది. అది చిన్న సంగతి కాదు.

మన దేశంలోనూ ఈ పని జరుగుతోందని చదివినప్పుడు కలిగిన సంతోషం వేరు. ఢిల్లీ ఎయిమ్స్, హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రం కలిసి మూర్ఛ కోసం ఒక ఉమ్మడి కేంద్రం నడుపుతున్నాయి. న్యూరోసర్జన్ డాక్టర్ పి. శరత్ చంద్ర, న్యూరాలజిస్టు డాక్టర్ మంజరి త్రిపాఠి, శాస్త్రవేత్తలు జ్యోతిర్మయ్ బెనర్జీ, అపర్ణా బెనర్జీ దీక్షిత్ ఆ బృందంలో పేర్లు. ఆపరేషన్‌లో తీసిన మన దేశపు రోగుల ముక్కల మీదే గాజు గొట్టం పెట్టి చూశారు. 2017లో ప్రచురించిన పనిలో, మా మేనల్లుడి జబ్బు లాంటి జబ్బే ఉన్నవాళ్ల నుంచి హిప్పోక్యాంపస్‌ను, దాని ముందున్న కణత భాగాన్ని రెండింటినీ పరీక్షించారు. కణాలను రెచ్చగొట్టే రసాయనం గ్లూటమేట్ జోరు రెండు చోట్లా పెరిగే ఉంది, కానీ రెండు చోట్లా ఒకే తీరుగా లేదు. అంటే పైకి గట్టిపడి కనిపించే హిప్పోక్యాంపస్‌తో పాటు, ఎమ్మారైలో బాగానే ఉన్నట్టు కనిపించే పక్క భాగంలోనూ సొంతంగా అలజడి ఉండవచ్చు. సర్జన్ ఎంతవరకు తీయాలన్న ప్రశ్నకు ఇది నేరుగా తగిలే విషయం.

ఈ పనికి హద్దులు లేవని అనను. మెదడులోంచి కోసిన పొరకు మిగతా మెదడుతో సంబంధాలు తెగిపోయి ఉంటాయి. ఏళ్లపాటు మందుల్లో నానిన కణాలవి. అన్నింటికంటే పెద్ద చిక్కు పోల్చి చూడడంలో ఉంది. ఆరోగ్యవంతుడి మెదడు ముక్క బతికున్నది ఎక్కడ దొరుకుతుంది? కణితి తీసేటప్పుడు దారిలో వచ్చే ముక్కలతోనో, పోస్టుమార్టంలో వచ్చినవాటితోనో సరిపెట్టుకోవాలి. అందుకే ఒకరిద్దరి ముక్కలు చాలవు, ఎన్నో కావాలి. వేర్వేరు వయసులవి, వేర్వేరు కారణాలవి, వేర్వేరు ఊళ్లవి. బద్దెపురుగు తిత్తి మెదడులో చేరి వచ్చే మూర్ఛ మన దేశంలో ఎక్కువ. స్నానంలో తలమీద వేడినీళ్లు పోసుకుంటే వచ్చే మూర్ఛ దక్షిణాదిలో, ముఖ్యంగా కర్ణాటకలో, ఎక్కువగా చూశారు. వీటి ప్రశ్నలకు జవాబు ప్యారిస్‌లోనో బాన్‌లోనో దొరుకుతుందని ఎదురుచూస్తూ కూర్చుంటే ఎట్లా?

ఇదంతా ఒకరోజు అక్కకు చెప్పాను. ఆమె వింటూ చింతపండు గింజలు తీస్తోంది. చివరిదాకా విని, "నా బిడ్డ తలకాయలోది వాళ్లకెందుకియ్యల్ల? వాళ్లేం జేస్తారో మనం జూస్తామా?" అంది. న్యాయమైన ప్రశ్న. చదువుకోని తల్లి భయమని దీన్ని కొట్టిపారేసే డాక్టరు ఈ పనికి తగడు. అక్క ప్రశ్నలో రెండు అనుమానాలున్నాయి. పరిశోధన కోసమని ఎక్కువ తీస్తారేమో అన్నది మొదటిది. ఇచ్చాక మన సంగతి మరిచిపోతారేమో అన్నది రెండోది.

మొదటిదానికి నా సమాధానం గట్టిగానే ఉంటుంది. ఎంత తీయాలన్నది రోగి మేలు చూసి ముందే తేల్చాలి, కాగితం మీద రాయాలి. పరిశోధన పేరుతో ఆవగింజంత కూడా అదనంగా కదపకూడదు. రిపోర్టుకు పోవాల్సింది పోయాక మిగిలినదే పరిశోధనకు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల్లో ఇలా మిగిలిన కణజాలం గురించీ, దానికి రోగి సమ్మతి గురించీ ఉంది. కాదంటే వైద్యానికి లోటు రాకూడదన్నది అందులో మూలసూత్రం. నాకు దిగులు కలిగించేది అది మా ఊరి మనిషికి చేరే తీరు. ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి, రెండు చేతులా వణుకుతున్న తండ్రి ముందు ఇంగ్లీషు కాగితాల కట్ట పెట్టి, "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు చూపిస్తే అది సమ్మతి కాదు. పరిశోధన కాగితం విడిగా ఉండాలి, తెలుగులో ఉండాలి. వీడియో ఈఈజీ కోసం మనిషి రోజుల తరబడి వార్డులో పడుకునే ఉంటాడు కదా, ఆ రోజుల్లో పక్కన కూర్చుని చదివి వినిపించాలి. రోగి మాట్లాడగలిగితే అతన్నే అడగాలి. పెళ్లయిన ఆడమనిషి ముక్క గురించి ఆమె మొగుణ్ణి మాత్రమే అడిగి ఊరుకోవడం నేను ఒప్పుకోను.

రెండోదానికి పరిశోధకులు సమాధానం చెప్పాలి. పేరు దాచి, నంబరు వేసి ముక్కను ఉంచుతారు, మంచిదే. కానీ నంబరు వెనకున్న మనిషికి రెండేళ్లకో మూడేళ్లకో ఒక ఉత్తరం రాయలేరా? 'మీరూ మీలాంటి మరికొందరూ ఇచ్చినదాన్ని చూసి ఈ సంగతి తెలుసుకున్నాం' అని తెలుగులో ఒక్క పేజీ. ఇంట్లో పటం కట్టి పెట్టుకుంటారు. ఆ ఇంటి పక్కవాళ్లు అడుగుతారు. మూర్ఛ గురించి ఊళ్లో నోరు తెరిచి మాట్లాడే తొలి సందర్భం అదే అవుతుంది.

మనకిది కొత్త దారి కూడా కాదు. మా సీమ జనం దశాబ్దాలుగా పెద్ద జబ్బంటే వేలూరు పోతారు. ఆ వేలూరులోనే, మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర పని నేర్చుకుని వచ్చిన డాక్టర్ జేకబ్ చాండీ 1952లో మూర్ఛకు ఆపరేషన్ చేశారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో డాక్టర్ కె. రాధాకృష్ణన్ నాయకత్వంలో 1995లో మొదలైన మూర్ఛ ఆపరేషన్ల కార్యక్రమంలో మొదట్లో కత్తి పట్టింది డాక్టర్ మళ్ల భాస్కరరావు. అదే 1995లో బెంగళూరు నిమ్‌హాన్స్‌లో డాక్టర్ ఎస్.కె. శంకర్ మానవ మెదడు బ్యాంకును నిలబెట్టారు. కుటుంబాలు అనుమతించిన మెదళ్లను దాచి, పరిశోధకులకు ఇస్తున్న సంస్థ అది. సికింద్రాబాద్ కిమ్స్‌లో డాక్టర్ సీతా జయలక్ష్మి, డాక్టర్ మానస్ పాణిగ్రాహి తమ రోగుల ఆపరేషన్ల ఫలితాలను ఏళ్లుగా ప్రచురిస్తున్నారు. మనుషులున్నారు, నైపుణ్యం ఉంది. నంద్యాలలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బెంగళూరులో దిగొచ్చు.

ఆ రైలు ఎక్కాలని రోగికి చెప్పేవాళ్లే తక్కువ. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. కర్నూలు మెడికల్ కాలేజీ 1957 నుంచి ఉంది. నంద్యాల కాలేజీ ఆస్పత్రిలో వారానికి ఒక పూట ఫిట్స్ కోసమే ఓపీ పెట్టమని అడుగుతున్నాను. అక్కడ చెయ్యాల్సింది పెద్ద యంత్రాల పని కాదు. రెండు మందులకు లొంగనివాళ్లెవరో పుస్తకంలో రాసుకుని, వాళ్లను కర్నూలుకో హైదరాబాదుకో బెంగళూరుకో చీటీ రాసి పంపాలి, పోయారా లేదా అని ఫోను చేసి కనుక్కోవాలి. మా మందుల షాపుల వాళ్లం కూడా ఇందులో చెయ్యి కలపగలం. ఎవరి చీటీలో మూడో ఫిట్స్ మందు చేరిందో జిల్లాలో మాకంటే ముందు తెలిసేవాళ్లు లేరు. వాళ్ల పేరు ఎవరికీ చెప్పం, ఆ ఓపీ ఫలానా వారం ఉందని రోగి చెవిన మాత్రం వేస్తాం.

ఇక ఆపరేషన్ చేసే ఆస్పత్రులకు, ముక్కలను చదివే సంస్థలకు ఒక విన్నపం. మీ సమ్మతి పత్రం నాకు పంపండి. దాన్ని ఆళ్లగడ్డ సంతలో నిలబడ్డ మనిషికి అర్థమయ్యే తెలుగులో నేను తిరగరాసి ఇస్తాను, రూపాయి అడగను. ముందు మా అక్కకు చదివి వినిపిస్తాను. ఆమెకు ఎక్కడ అడ్డం తగిలితే అక్కడ మారుస్తాను. ఆమె తలూపాకే మీకు పంపుతాను.